తూర్పు ముఖం పరంజా

హస్త కార్తె, మంగళవారం

తూర్పు ముఖం పరంజా చూసుకునే మనిషిని నేను. పేరు ముత్యాలు. రోజూ రౌండు అయ్యాక నాలుగు మాటలు రాసి కొండ కమిటీకి పంపాలని నియమం. గొట్టాలు బాగున్నాయి, క్లాంపులు బిగించాను, రెండు పలకలు మార్చాను, గోడ నీళ్ళు తాగింది. ఇన్నేళ్ళూ ఇంతే రాశాను. ఈవేళ నాలుగు మాటలతో ఆగేలా లేదు.

పొద్దున్నే ఆరో వరస నుంచి దిగుతూ వచ్చాను. అందరూ లేచే వేళ. పరంజా మీద ఒకరు లేస్తే పక్క నాలుగిళ్ళకీ తెలుస్తుంది, పలక ఊగుతుంది కాబట్టి. అడ్డగొట్టాలకి కట్టిన ఉయ్యాలలు తప్పించుకుంటూ, ఆరేసిన చీరల కింద వంగుతూ, ఎండుచేపల దండలు మొహానికి తగలకుండా చూసుకుంటూ నడవాలి. నాలుగో వరసలో ఎర్నమ్మ అత్త బీరపాదు ఆరు గొట్టాలు అల్లుకుంది. ఆకులు పక్కకి తీస్తేగాని క్లాంపులు కనబడవు. మూడో వరసలో బడి. అక్కడ పిల్లల ఎత్తులు గీసిన నిలువు గొట్టానికీ గోడకీ మధ్య దన్నుగా ఉండే మర జాకీ కొంచెం వదులైతే బిగించాను.

తర్వాత గోడకి నీళ్ళు. గోడంతా బతుకుసున్నం, తనంతట తను పెరిగే సున్నం. దానికి పొద్దున బెల్లం నీళ్ళు, వారానికోసారి కరక్కాయ కషాయం. తాగినంత తాగి మిగతాది వదిలేస్తుంది. ఈ మేడని ఎవరూ ఇటుక మీద ఇటుక పెట్టి కట్టలేదు. సముద్రం మా ఊరిని తీసేసుకున్న ఏడాది ఈ కొండ మీద అచ్చులు నిలిపి, సున్నం పోసి, పెరగనిచ్చారు. దానంతట అది నిలబడేదాకా పట్టుకోవడానికి నాలుగు వైపులా పరంజా వేశారు. మేడ పండి గట్టిపడ్డాక లోపలికి వెళ్ళాల్సిన మేమంతా ఈలోగా పరంజా మీదే కాపురాలు పెట్టాం. పలకల మీద పొయ్యిలు, రేకుల గదులు. ఇక్కడ పెళ్ళిళ్ళు జరిగాయి, పురుళ్ళు జరిగాయి. పోయినవాళ్ళని కప్పీ తాడుతో కిందికి దించాం.

గోడని వేళ్ళ కణుపులతో కొట్టి చూస్తాను. పండిన సున్నం కంచులా మోగుతుంది. పడమటి గోడ మోగుతోంది. నా తూర్పు గోడ ఇంకా పచ్చి కుండలా మందంగా పలుకుతోంది.

రౌండు అయ్యి ఇంటికి వచ్చేసరికి కమిటీ ఆదేశం వచ్చి ఉంది. స్వాతి కార్తె వెళ్ళేలోగా నాలుగు వైపులా పరంజా విప్పెయ్యాలి. గొట్టాలన్నీ కొండ అవతల పల్లంలో గుడారాల వాళ్ళకి పంపాలి. వాళ్ళ మేడకి అచ్చులు నిలిపారట, పట్టుకోవడానికి గొట్టాల్లేవు. వాళ్ళు మూడు వానాకాలాలు గుడ్డ కింద గడిపారు. కాదనడానికి నోరు రాదు. కానీ నా గోడ సంగతి నాకు తెలుసు.

మా ఆయన సింహాద్రి గుమ్మంలో కూర్చుని ఆదేశం రెండుసార్లు చదివాడు. ఈ పరంజాలో సగం ఆయన చేత్తో కట్టినదే. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఇప్పుడు ఊతచట్రం వేసుకుని నడుస్తాడు. నడుం నుంచి మడమ దాకా సన్నని బద్దలు, మోకాలి దగ్గర చిన్న మోటారు. కాలు ఎంత చెయ్యలేకపోతే అంత అది చేస్తుంది. దాని బలానికి పది మెట్లు ఉంటాయి. కాలికి బలం వస్తున్న కొద్దీ ఆసుపత్రి నర్సమ్మ మెట్టు దించుతూ వస్తుంది.

"నాలుక్కి దించినాది ఈయాల," అన్నాడు. "కాలు బరువెక్కినాది. కానీ, ఇది నా కాలే అన్నట్టుంది."

నాకు నాలుగో మెట్టు అనగానే గుండెల్లో రాయి పడింది. 

హస్త కార్తె, శనివారం

బడి పలక మీద సమావేశం పెట్టారు. అందరూ ఒక్కచోటే చేరిపోతుంటే సగం మందిని పక్క వరసలకి పంపడమే నాకు పెద్ద పని అయింది. ఒక పలక మోసే బరువుకి లెక్క ఉంది.

ఎర్నమ్మ అత్త ముందు మాట్లాడింది. వరసకి అత్త, నెత్తురు సంబంధం ఏమీ లేదు. కింద ఊరు మునిగినప్పుడు కొడుకునీ కోడల్నీ పోగొట్టుకుని, మనవరాలిని చంకన వేసుకుని కొండ ఎక్కిన మనిషి.

"ముత్తేలూ, నాకు నిజం సెప్పు. ఆ గోడ నిలబడతాదా, నేదా?"

"తెల్దత్తా."

"నీకు తెల్దంటే ఇంకెవులికి తెలుత్తాది? రోజూ దాన్ని కొట్టి ఇనేది నువ్వే గదా."

"ఇంకా పచ్చిగానే పలుకుతోంది," అన్నాను.

"అదే రాసి పంపు మరి. పండనేదని రాయి. మేం ఈ గొట్టాల మీంచి కదలం."

అందరూ తలలు ఊపారు. లోపల గదులు తయారుగా ఉన్నాయి, గుమ్మాలు ఉన్నాయి, కిటికీలకి చెక్కలు కూడా బిగించారు. కానీ నీళ్ళు పొయ్యడానికి తప్ప ఎవరూ లోపల అడుగుపెట్టలేదు. పరంజా మీద మాకు భయం లేదు. గొట్టం కిర్రుమన్నప్పుడు ఏ గొట్టమో, ఎందుకో చెప్పగలం. గోడ మాట్లాడదు.

పండలేదనే రాసి పంపాను. అబద్ధం కాదు.

ఇంటికి వచ్చేసరికి సింహాద్రి చట్రం విప్పి స్నానానికి కూర్చున్నాడు. చట్రం తలుపుకి ఆనించి ఉంది. పొద్దున మెట్లు దిగుతున్నప్పుడు ఆయన మోకాలు మడతపడబోయింది, నేను చూశాను. మెట్టుని నాలుగు నుంచి ఆరుకి తిప్పాను. ఆయన తొడుక్కుని లేచి రెండడుగులు వేసి, "ఈయాల తేలిగ్గా ఉందే," అన్నాడు సంతోషంగా. అన్నం వడ్డించాను.

చిత్త కార్తె, సోమవారం

కమిటీ ఇంజనీరుని పంపింది. పేరు ఇందుమతి. సన్నగా, పొడవుగా, ఎండకి నల్లబడ్డ మనిషి. వచ్చీ రాగానే నాతోపాటు ఆరు వరసలూ ఎక్కి దిగింది. ఎక్కడా గొట్టం పట్టుకోలేదు. గోడకి సన్నని సూది దింపి, చేతిలోని తెర మీద అంకెలు రెండుసార్లు సరిచూసుకుంది.

"మీరు రాసింది నిజమే," అంది చివరికి. "ఈ గోడ పచ్చిదే."

"అయితే పరంజా ఉంచుతారు కదా మేడమ్?"

"అక్కడే చిక్కు వచ్చిందండీ. పడమటి వైపు మూడేళ్ళ కిందట క్లాంపులు తక్కువై పరంజా వదులు చేశారు, గుర్తుందా? ఆ వైపు ఇప్పుడు రాయిలా ఉంది. బతుకుసున్నం ఊరికే గట్టిపడదు. మీద బరువు పడితే, ఆ బరువు తనకి తెలిస్తే, అక్కడ గట్టిపడుతుంది. మన ఎముక లాగే. ఇక్కడ బరువంతా మీ పరంజా మోస్తోంది. గోడకి పనే లేదు."

నేను జాకీ వదులైనప్పుడల్లా బిగించాను. నా పని అదే, చెయ్యమన్నదీ అదే. ఆ మాట ఆవిడతో అన్నాను కూడా.

"మిమ్మల్ని తప్పు పట్టడం లేదు ముత్యాలు గారూ. ఇంత బాగా చూసుకున్న పరంజా నేను ఎక్కడా చూళ్ళేదు," అంది. ఆవిడ ఎగతాళి చెయ్యడం లేదు. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

ఆవిడ చెప్పింది ఇది. గోడకి దన్నుగా ఉన్న జాకీలు రోజుకి ఒక మర చొప్పున వదులు చెయ్యాలి. ఆ మేరకు బరువు గోడ మీదికి వెళ్తుంది. గోడ సర్దుకున్నాక మర్నాడు ఇంకో మర. అంతేకాదు, లోపల మనుషులు తిరగాలి. ఇసుక మూటలు పెడదామా అంటే పనికిరాదంది. కదలని బరువుకి సున్నం తొందరగా అలవాటు పడి మళ్ళీ నిద్రపోతుందట. నడక కావాలి, కిందా మీదా అవ్వాలి.

"విశాఖ కార్తె మధ్యకి పండుతుంది, తుఫాను రాకపోతే," అంది.

సాయంత్రం ఎర్నమ్మ అత్తకి ఇదంతా చెప్పాను. ఆమె బీరకాయ చెక్కు తీస్తూ విన్నది.

"అంటే, గోడ గట్టిదో కాదో తెల్దు, మేం ఎల్లి దాని మీద గెంతితే తెలుత్తాదన్నమాట. మా గుంటల్ని పంపి సూడమంటారా?"

"ముందు నేను నడుస్తానత్తా."

"నువ్వు నడు. నీకు పిల్లల్నేరు."

ఆమె ఆ మాట అన్న వెంటనే చెయ్యి ఆపింది. నేను లేచి వచ్చేశాను.

చిత్త కార్తె, గురువారం

మొదటి రోజు లోపల నడిచింది నేనూ, ఇందుమతీ, సింహాద్రీ. ఆయన్ని వద్దన్నాను. "నడవమన్న చోటు ఇన్నాళ్ళకి ఒకటి దొరికినాది," అని వచ్చాడు. ఖాళీ గదుల్లో ముగ్గురం వలస పిట్టల్లా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాం. చట్రం మోటారు గుర్రుమనే చప్పుడు గోడలకి తగిలి తిరిగి వచ్చేది.

రెండో రోజు పదిహేను మంది వచ్చారు. ఈవేళ గదులన్నీ నిండాయి. ముసలివాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ, ఆడవాళ్ళు పసివాళ్ళని భుజాన వేసుకుని నిద్రపుచ్చుతూ నడిచారు. బడి పంతులు పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ వరసగా నడిపించాడు. ఎర్నమ్మ అత్త మనవరాలు రవణ కూడా ఆ వరసలో ఉంది. ఆమె మాత్రం రాలేదు. పరంజా మీద నుంచే కిటికీలోకి చూస్తూ నిలబడింది.

రోజూ పొద్దున జాకీలు ఒక మర వదులు చేస్తున్నాను. స్పానరు ఎడమకి తిప్పడం నా చేతికి అలవాటు లేదు. ప్రతి మరకీ లోపల ఎక్కడో టిక్కుమంటుంది. ఆ చప్పుడు వినబడ్డాక గోడకి చెవి ఆనించి చూస్తున్నాను.

చిత్త కార్తె, ఆదివారం

మూడో అంతస్తు కిటికీ కింద గోడ చిట్లింది. వెంట్రుకంత సన్నం, జానెడు పొడుగు. ఇందుమతి దాని కొసలో పెన్సిలుతో గీత పెట్టింది. గీత దాటితే చెప్పమంది.

సగం మంది నడక మానేశారు.

మధ్యాహ్నం కింద వరస జాకీలు చూస్తుంటే అనుమానం వచ్చింది. నిన్న వదులు చేసిన వాటిలో నాలుగింటికి మరల మీద తాజాగా గీసుకుపోయిన మెరుపు. పట్టి చూస్తే బిగుసుకుని ఉన్నాయి. ఒక జాకీ వదులుగా, పక్కది బిగువుగా ఉంటే గోడ మెలిపడుతుంది. చిట్లడానికి కారణం అదే.

ఎవరు బిగించారో వెతకాల్సిన పని లేకపోయింది. మూల జాకీ దగ్గర ఎర్నమ్మ అత్త మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కొంగుతో చుట్టి పట్టుకున్న స్పానరు కనబడుతూనే ఉంది. నన్ను చూసి దాచే ప్రయత్నం చెయ్యలేదు.

"అత్తా, ఏం చేస్తున్నావో తెలుసా నీకు?"

"తెల్సు. నా మనవరాలు పైన నడుత్తాంది. నువ్వు కింద ఇప్పుతున్నావు. నానేటి, సూత్తూ కూకోవాలా?"

"నువ్వు బిగించబట్టే పైన చిట్లింది. ఒకటి బిగువు, ఒకటి వదులు అయితే గోడకి దెబ్బ. ఇది చేటు చెయ్యడం అత్తా, కాపాడటం కాదు."

ఆమె స్పానరు వంక చూసింది. "ఊరు మునిగిన నాడు నీటి కాడ కూడా వొదిలీమన్నారు ముత్తేలూ. పడవ మునిగిపోతాది, నీటిలో నా కొడుకు సెయ్యి వొదిలీమన్నారు. వొదిలినాను," అంది.  "మల్ల వొదల్లేను."

నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆమే స్పానరు నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

నాలుగు జాకీలూ సమం చేసి ఇంటికి వచ్చాను. సింహాద్రి చట్రం విప్పేసి, దాన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. నర్సమ్మ వచ్చి వెళ్ళిందట.

"నర్సమ్మ మెసిను సూసినాది," అన్నాడు. "ఆరులో ఉందంట. నాలుగులో ఇంత బాగా నడుత్తన్నాడని ఊరంతా సెప్పుకుంది పాపం. ఆరులో ఉంటే ఎవుడైనా నడుత్తాడు."

నేను స్పానరుతోనే వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"ఎప్పుడు తిప్పినావు?"

"మెట్ల మీద నీ కాలు మడతపడిన రోజు మావా. పడిపోతావేమోనని."

"పడతాను. పడితే నెగుత్తాను, నేపోతే నువ్వు నెత్తుతావు." చట్రం నా వైపు తోశాడు. "నీ సేతులో స్పానరుంది గదా. కావాలంటే మల్ల బిగించు. ఎంతకి బిగించినావో మట్టుకు నాకు సెప్పు. నా కాలేదో, మెసినేదో నాకు తెలాల."

కోప్పడితే తేలిగ్గా ఉండేది. ఆయన కోప్పడలేదు. రాత్రి భోజనాలయ్యాక మెట్టు నాలుక్కి నేనే తిప్పాను, ఆయన చూస్తుండగా.

స్వాతి కార్తె, బుధవారం

తుఫాను హెచ్చరిక వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నానికి తీరం దాటుతుందట. పైఊరికి వెళ్ళే దారిలో పొద్దునే కొండచరియ విరిగిపడింది. కిందికి వెళ్తే సముద్రం. ఎటూ కదలడానికి లేదు.

ఇందుమతి చిట్లిన చోట సూది దింపి చూసింది. వెంట్రుక గీత పెన్సిలు గుర్తు దాటలేదు. దాని చుట్టూ గోడ గట్టిపడుతోంది. "ఇంకో రెండు వారాలు ఉంటే నేను హాయిగా నిద్రపోయేదాన్ని," అంది.

"ఇప్పుడేం చేద్దాం మేడమ్? మళ్ళీ బిగించమంటారా?"

ఆవిడ బడి పలక అంచున కూర్చుని కాళ్ళు కిందికి వేలాడదీసింది.

"బిగిస్తే, గాలికి పరంజా ఊగినప్పుడల్లా గోడని గుద్దుతుంది. రోజంతా గుద్దుతుంది. ఈ గోడ దానికి ఆగదు, ఆ మాట నేను రాసి సంతకం పెట్టగలను. పూర్తిగా వదిలేస్తే పరంజా ఎటు పోతే అటు పోతుంది. గోడ ఒంటరిగా నిలబడాలి. నిలబడుతుందని మాత్రం సంతకం పెట్టలేను."

"నిలబడకపోతే?"

"అందరూ పడమటి గదుల్లో ఉంటారు కదా. అది నిలబడుతుంది. కానీ తూర్పు గోడ పడితే కప్పు ఎంత లాక్కుపోతుందో నాకు తెలియదు. ముత్యాలు గారూ, మీకు అబద్ధం చెప్పలేను."

భయపడుతున్న మనిషి నాకు ధైర్యం చెప్పకుండా ఉన్నదున్నట్టు చెప్పడం అదే మొదటిసారి. నా భయం తగ్గలేదు. కానీ ఆ బరువు నా ఒక్కదాని మీదే లేదనిపించింది.

సాయంత్రం బడి పలక మీద అందరికీ చెప్పాను. పరంజా వదిలేస్తున్నాం, ఇళ్ళు ఖాళీ చెయ్యండి, రేకులూ పలకలూ విప్పెయ్యండి, గాలి గొట్టాల మధ్య నుంచి పోవాలి. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. వెళ్ళి మూటలు కట్టుకున్నారు.

స్వాతి కార్తె, శనివారం

నిన్న రాయలేకపోయాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

శుక్రవారం పొద్దుటికే ఉత్తరపు గాలి లేచింది. అందరూ లోపలికి వెళ్ళాక గోడకీ పరంజాకీ మధ్య ఉన్న జాకీలు, కట్లు విప్పడానికి దిగాను. పైన ఇందుమతి, కింద నేను. వాన సూదుల్లా గుచ్చుకుంటోంది, స్పానరు చేతిలో నిలవడం లేదు. రెండో వరస మూలలో ఒక జాకీ బిగుసుకుపోయి రాలేదు. బలమంతా వేసి లాగుతుంటే పక్క నుంచి ఇంకో చెయ్యి వచ్చి స్పానరు మీద పడింది.

ఎర్నమ్మ అత్త. నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస కిటికీకి కట్టి దిగింది.

"దీన్నీ బిగించింది నానే, ఆనాడు నీకు సెప్పనేదు. గట్టిగా బిగించినాను. నీ ఒక్క సేత్తో రాదు."

ఇద్దరం కలిసి లాగితే వచ్చింది. తర్వాత జాకీకి ఆమే ముందు చెయ్యి వేసింది. ఆఖరి కట్టు విప్పి కిటికీలోంచి లోపలికి దూకాక చూసుకుంటే ఆమె అరచేతులు రెండూ చర్మం లేచిపోయి ఉన్నాయి.

మధ్యాహ్నానికి వెలుతురు పోయింది. పడమటి గదుల్లో జనం ఒకరి మీద ఒకరు ఆనుకుని కూర్చున్నారు. ఇందుమతి ఆ గదుల గుమ్మానికి ఎదురుగా, మూడో అంతస్తు నడవలో, తూర్పు గది కిటికీ కింద చిట్లిన చోటు కనబడేలా దీపం పెట్టుకుని కూర్చుంది. నేనూ సింహాద్రీ ఆమెతో ఉన్నాం.

ముందు గొట్టాల ఈల వినబడింది, వందల గొట్టాల్లో గాలి దూరి ఊదుతున్నట్టు. తర్వాత కిర్రుమంటూ లాగిన చప్పుడు. పరంజా ఉత్తరం కొస నుంచి వాలడం మొదలైంది. లోపలున్న మాకు చప్పుళ్ళని బట్టి ఏది పడుతోందో అందరికీ తెలుసు.

"అది బడి," అన్నారెవరో.

"సావిడి మెట్లు."

కాసేపు ఆగి, దగ్గరగా, తేలిగ్గా, తీగలు తెగినట్టు ఒక చప్పుడు.

"అది మాది," అంది ఎర్నమ్మ అత్త. రవణ తలని ఒళ్ళోకి లాక్కుంది.

ఒకదాని మీద ఒకటి ఒరిగి మొత్తం దక్షిణం వైపు కుప్పగా కూలింది. ఒకే ఒక గొట్టం గోడని గీసుకుంటూ పోయింది. ఆ తర్వాత తూర్పు ముఖం మీద గాలీ వానా తప్ప ఏమీ లేవు. పదకొండేళ్ళుగా నేను పట్టుకుని ఉన్న గోడ, పట్టుకునేవాళ్ళు లేకుండా నిలబడి ఉంది. చెయ్యి పెట్టి చూశాను. వణుకుతోంది. 

"గీత దాటింది," అంది ఇందుమతి.

వెంట్రుక గీత వేలెడంత వెడల్పు అయింది. జానెడు కాస్తా బారెడు అయింది. సరిగ్గా అప్పుడే కిటికీ చెక్క ఊడి వాన లోపలికి కొట్టింది. నడవ వదిలి పడమటి వైపు పోవాలి. సింహాద్రి లేవబోయాడు, లేవలేదు. చట్రంలో చార్జింగు అయిపోయింది. మూడు రోజులుగా ఎండ లేదు, దాని సంగతే ఎవరికీ తోచలేదు.

ఎత్తుకుందామని వంగాను.

"విప్పీ," అన్నాడు. "సచ్చిన మెసిను బరువు. విప్పీ ముందు."

విప్పాను. ఆయన గోడకి వీపు ఆనించి, చేతులతో నెట్టుకుంటూ పైకి లేచాడు. నా రెండు చేతులూ ఆయన నడుముకి బెత్తెడు దూరంలో ఆగి ఉన్నాయి. అలా ఆపి ఉంచడం కంటే కష్టమైన పని నేను ఎప్పుడూ చెయ్యలేదు. ఆయన నడిచాడు. ఎడమ కాలు ఈడ్చుకుంటూ, ఒక్కో అడుగుకీ గోడని తడుముకుంటూ నడిచాడు. గుమ్మానికి కొంచెం ఇవతల మోకాలు మడతపడి కూలబడ్డాడు. ఇందుమతి, నేను చెరో రెక్కా పట్టుకుని గుమ్మం దాటించాం.

"సూసినావా," అన్నాడు రొప్పుతూ. "సగం దూరం నాదే."

సాయంత్రానికి గాలి తిరిగింది, తర్వాత పడింది. పగులు ఇంకా పెరుగుతుందేమోనని ఇందుమతీ నేనూ దీపం పట్టుకుని వెళ్ళాం. పగులు అంచుల్లో తెల్లగా, చిక్కటి పాల లాంటి తడి ఊరుతోంది. వేలు పెడితే గోరువెచ్చగా ఉంది. ఇందుమతి అక్కడే నేల మీద కూలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చింది. ఏమైందో అని కంగారుపడ్డాను.

"మానుతోంది," అంది. "బరువు తెలిసింది దానికి."

ఈవేళ పొద్దున ఆ తడి పొరలా గట్టిపడి ఉంది. కొట్టి చూశాను. పడమటి గోడలా మోగిందని రాయలేను. కానీ పచ్చి కుండ చప్పుడు కాదు.

విశాఖ కార్తె, సోమవారం

దారి తెరిచారు. కూలిన గొట్టాల్లో వంగిపోనివి ఏరి కట్టలు కట్టాం. మిగతా మూడు వైపులవీ విప్పాక పల్లం వాళ్ళకి సరిపోతాయని ఇందుమతి అంది. వాళ్ళ పరంజా నిలిపేటప్పుడు నన్ను రమ్మంది. ఎప్పుడు బిగించాలో కాదు, ఎప్పుడు వదలాలో మొదటి రోజు నుంచీ చెప్పాలట. వస్తానన్నాను.

నర్సమ్మ సింహాద్రిని చూసింది. ఇంకా బలం రావచ్చు, రాకపోవచ్చు, మూడో మెట్టు దగ్గర ఆగిపోవచ్చు అంది. నా మొహం చూసి, అందరికీ అన్నీ విప్పాలని లేదమ్మా, అని కూడా అంది. ఆయన భుజాలెగరేశాడు. "మూడు నాకు సాలు. మిగతా ఏడూ నావే గదా," అన్నాడు. నేను లోపలికి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

ఈవేళే గదుల్లోకి సామాను సర్దుకున్నాం. మాకు మూడో అంతస్తులో తూర్పు గది వచ్చింది. కిటికీ కింద మానిన పగులు తెల్లటి మచ్చలా కనబడుతుంది.

ఎవరూ అనుకోని కష్టం ఒకటి వచ్చింది. గోడ కోసం నడిచిన రోజుల్లో ఆగకుండా తిరగడంలో, తుఫాను నాడు బెదురులో, ఆ తర్వాత గొట్టాలు ఏరే పనిలో ఎవరికీ తెలియలేదు. ఇవాళ సామాను దించి తీరిగ్గా నిలబడ్డాక తెలిసింది. నేల కదలదు. పదకొండేళ్ళు ఊగే పలకల మీద బతికినవాళ్ళం. అడుగు వేసినప్పుడు కింద నేల కొంచెం దిగుతుందని మా కాళ్ళు ఎదురుచూస్తాయి. అది దిగదు. తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. పరంజా మీదే పుట్టిన పిల్లలైతే నిలబెడితే ఏడుస్తున్నారు. రవణ గోడ పట్టుకుని పక్కకి పక్కకి జరుగుతోంది. ఎర్నమ్మ అత్త గుమ్మంలో తల పట్టుకుని కూర్చుని, "ఇదేటి నేలే, ఇంత మొండిగా ఉంది," అంటోంది.

నేను నీళ్ళ బిందె తేవడానికి లేచి, నాలుగడుగులు వేసి, తూలి, గది మధ్యలో నిలబడిపోయాను. పట్టుకోవడానికి ఏ గొట్టమూ లేదు.

సింహాద్రి వచ్చాడు. చట్రం ప్రతి అడుగుకీ ఆయన్ని సమం చేస్తుంది కాబట్టి ఆయన ఒక్కడికే తూలు లేదు. మోటారు మెల్లగా గుర్రుమంటుంటే నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"బుజం పట్టుకో," అన్నాడు.

"ఎందాకా మావా?"

"గుమ్మం దాకా పట్టుకో. ఆ తరవాత నీ ఇష్టం."

పట్టుకున్నాను. ఆయన ఎడమ కాలు నెమ్మదిగా, నా కోసం ఇంకా నెమ్మదిగా వేశాడు. గుమ్మం దాటాం. నడవలోకి వచ్చాం. నేను చెయ్యి తియ్యలేదు.